తీరంలో తిరిగే టర్బోప్రాప్: వేన్ల మీద ఆకుపచ్చ పొక్కులు. నేరం ఇంధనంలోని గంధకానిదేనా?

ఐటీటీ_మార్జిన్
సింగిల్ ఇంజిన్ టర్బోప్రాప్. ఎక్కువ సమయం సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగురుతుంది, రాత్రి పార్కింగ్ కూడా తీరానికి దగ్గర్లోనే. తాజా బోరోస్కోప్‌లో (ఇంజిన్ విప్పకుండా సన్న కెమెరాతో చేసే తనిఖీలో) టర్బైన్ మొదటి స్టేజ్ వేన్ల (వేడి వాయువును బ్లేడ్ల మీదికి మళ్లించే కదలని రెక్కల) లోపలివంపు వైపు ఆకుపచ్చ మచ్చలు కనిపించాయి, కొన్ని పొక్కుల్లా పైకి లేచాయి. బ్లేడ్లలో ప్లాట్‌ఫామ్‌కి (బ్లేడు మొదట్లో ఉండే అంచుకి) కాస్త పైన పట్టీలాగా గరుకుదనం. నడిమి ఎత్తు, అంటే అన్నిటికంటే వేడెక్కే చోటు, శుభ్రంగా ఉంది. కంప్రెసర్ (లోపలికి వచ్చే గాలిని నొక్కే భాగం) మొదటి స్టేజ్‌లో సన్న గుంటలు, పరిమితిలోపే.
ఇంధనం సర్టిఫికెట్‌లో గంధకం 0.12 శాతం. జెట్ ఏ-1కి పరిమితి 0.30. వారానికోసారి కంప్రెసర్ కడుగుతున్నాం. తక్కువ గంధకం ఉన్న ఇంధనం అడగమని ఒకరు, పూత మార్చమని ఇంకొకరు. ముందు ఏది చూడాలి?

బోరోస్కోప్‌కన్ను
పొక్కు చుట్టూ పూత పగిలి ఉందా, లేక పూత అలాగే ఉండి కింద నుంచి ఉబ్బిందా? ఫొటోలో కెమెరా కోణం మార్చి పక్కనుంచి చూడండి. ఆకుపచ్చ అంటే నికెల్ ఆక్సైడ్ బయటికొచ్చిందని అనుమానించాలి, అంటే పూత దాటి బేస్ మెటల్ దాకా వెళ్లి ఉండొచ్చు. రంగు ఒక్కటే చూసి తేల్చకండి, లైటు తెలుపు కొద్దిగా మారినా పసుపు రంగు ఆకుపచ్చగా, ఆకుపచ్చ నీలంగా కనిపిస్తుంది.

గంధకం_వద్దు
ఈ తుప్పుని సల్ఫిడేషన్ అంటారు, పేరులోనే గంధకం (సల్ఫర్) ఉంది కదండీ. గంధకం లేకపోతే సల్ఫైడ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? 0.12 ఉన్న సరుకు మానేసి హైడ్రోట్రీట్ చేసినది (హైడ్రోజన్‌తో గంధకం తీసేసినది) తెప్పించండి. సగం తలనొప్పి పోతుంది.

డ్యూపాయింట్
పోదు. మీ ఇంజిన్ సైజుకే లెక్క వేద్దాం.
గాలి సెకనుకు 4 కిలోలు అనుకోండి. ఇంధనం దానిలో యాభయ్యో వంతు, 80 గ్రాములు. అందులో 0.12 శాతం గంధకం అంటే సెకనుకు 96 మిల్లీగ్రాములు. గాలిలో ఉప్పు బరువు లెక్కన 0.01 పీపీఎం (పది లక్షల్లో వంతులు) అనుకుందాం, అలలు గాలివాటం బట్టి ఇది చాలా మారుతుంది. అప్పుడు లోపలికి వెళ్లే ఉప్పు సెకనుకు 0.04 మిల్లీగ్రాము. ఆ సోడియం మొత్తం సోడియం సల్ఫేట్‌గా మారడానికి కావాల్సిన గంధకం 0.011 మిల్లీగ్రాము మాత్రమే. అంటే ఉన్న గంధకం కావాల్సిన దానికి దాదాపు తొమ్మిది వేల రెట్లు.
ఇప్పుడు 10 పీపీఎం గంధకం ఉన్న ఇంధనం పోయండి. గంధకం సెకనుకు 0.8 మిల్లీగ్రాముకు పడుతుంది. ఇంకా డెబ్బై రెట్లు మిగులే. ఈ చర్యలో కొరత ఉన్నది సోడియానికి. దాన్ని సగానికి తగ్గిస్తే పేరుకునేది సగానికి తగ్గుతుంది. గంధకాన్ని సగం చేస్తే ఏమీ కాదు.

గంధకం_వద్దు
కాగితం మీద బాగుంది. కానీ దహనగదిలో వాయువు ఉండేది కొన్ని మిల్లీసెకన్లు. ఉప్పు, సల్ఫర్ డయాక్సైడ్, ఆక్సిజన్, నీటి ఆవిరి అన్నీ కలిసి సల్ఫేట్ కావడానికి ఆ సమయం చాలదు. అందుకే గంధకం ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ ఉప్పు మారుతుంది. మీ లెక్కలో వేగం అనేదే లేదు.

డ్యూపాయింట్
వేగం గురించి సరైన ప్రశ్నే. గాలిలో ఎగురుతూ ఉన్నంతసేపు మార్పు పూర్తి కాదు, ఒప్పుకుంటా. కానీ వేన్ మీద అంటుకున్న కణం అక్కడే గంటలకొద్దీ కూర్చుంటుంది, దాని మీదుగా సల్ఫర్ ఆక్సైడ్లు ఆగకుండా వెళ్తూనే ఉంటాయి. మిగతా మార్పు అక్కడ జరుగుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికి పోతుంది.
ఇంకో సంగతి. సముద్రపు నీళ్లలో సల్ఫేట్ ముందే ఉంది. తుప్పు పరీక్షలకు వాడే కృత్రిమ సముద్రజలం సూత్రం చూడండి: లీటరుకు సోడియం క్లోరైడ్ 24.5 గ్రాములు, సోడియం సల్ఫేట్ 4.1 గ్రాములు. అంటే ఇంధనంలో గంధకం సున్నా అయినా పొడి సల్ఫేట్ సముద్రమే పంపిస్తుంది.

కొత్తట్రైనీ
సోడియం సల్ఫేట్ అంటుకుంటే మాత్రం ఏమవుతుంది? పూత మీద అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర ఉంటుంది కదా, ఉప్పుకు అది కరగదుగా?

డ్యూపాయింట్
ఘనరూపంలో ఉన్నంతవరకు పెద్దగా ఏమీ కాదు. 884 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అక్కడ మొదలు. కరిగిన సల్ఫేట్ పొరలో ఆ ఆక్సైడ్ కరుగుతుంది, కాస్త పైకి వెళ్లి మళ్లీ పోరస్‌గా (సన్న రంధ్రాలతో) పేరుకుంటుంది. ఆ పేరుకున్నది రక్షణ ఇవ్వదు. లోపలి లోహంలోకి గంధకం దూరి క్రోమియం, టైటానియంతో సల్ఫైడ్లు చేస్తుంది. క్రోమియం అలా ఖర్చయిపోయాక మిగిలిన నికెల్ తేలిగ్గా ఆక్సీకరణం చెందుతుంది, మీరు చూసిన ఆకుపచ్చ అదే. దీన్ని మొదటి రకం వేడి తుప్పు అంటారు. 850 నుంచి 950 డిగ్రీల మధ్య ఉధృతం.
ఇంకా వేడెక్కితే సల్ఫేట్ ఉపరితలం మీద ఘనీభవించకుండా ఆవిరిగానే వెళ్లిపోతుంది. అందుకే మీ బ్లేడు నడుము శుభ్రంగా ఉంది. అది బాగున్నట్టు కాదు, అక్కడ ఉప్పు నిలవలేదంతే. ఆ హద్దు ఎక్కడన్నది పీడనం, సోడియం గాఢత బట్టి జరుగుతుంది.

రెండో_షిఫ్ట్
అంటే ఇంజిన్ని ఇంకా వేడిగా తిప్పమంటారా 😄 మేనేజరు ఇది చదివితే చాలా సంతోషిస్తాడు.

డ్యూపాయింట్
క్రీప్ (వేడిలో బరువు కింద లోహం నెమ్మదిగా సాగడం) గురించి కూడా చదవమనండి.

పూతమందం
రెండో రకం గురించి ఎవరూ చెప్పలేదు, ఇక్కడ అదే ముఖ్యం కావచ్చు. 650 నుంచి 750 డిగ్రీల దగ్గర, సోడియం సల్ఫేట్ ఒంటరిగా కరగని ఉష్ణోగ్రతలో, లోహంలోని కోబాల్ట్ లేదా నికెల్ సల్ఫేట్‌గా మారి దానితో కలిసి తక్కువ వేడికే కరిగే మిశ్రమం అవుతుంది. కోబాల్ట్ సల్ఫేట్‌తో కలిస్తే 565 డిగ్రీలకే ద్రవం వస్తుంది, నికెల్‌తో అయితే 671. దెబ్బ పొరలా కాకుండా గుంటల్లా ఉంటుంది, లోపల సల్ఫైడ్లు చాలా తక్కువ.
ప్లాట్‌ఫామ్ పైన పట్టీ అంటే రెండు రకాల హద్దులో ఉన్నారు. ప్లాట్‌ఫామ్ కింద, షాంక్ (బ్లేడు మెడ) మీద చూశారా? అక్కడ చాలా డిజైన్లలో పూతే ఉండదు, ఉష్ణోగ్రత మాత్రం సరిగ్గా 650 నుంచి 700 మధ్య. బోరోస్కోప్‌కి అందదు. వేన్ మీద మచ్చ చూసి కంగారుపడతాం గానీ, బ్లేడుకి బరువంతా మోసే చోటు షాంక్. అక్కడ గుంట పడితే అది ఫెటీగ్ పగులుకి మొదలు.

గంధకం_వద్దు
నా మాట ఇప్పుడు చెల్లుతుంది చూడండి. రెండో రకానికి వాయువులో సల్ఫర్ ట్రయాక్సైడ్ పాక్షిక పీడనం కావాలి. కోబాల్ట్ సల్ఫేట్ దానివల్లే నిలబడుతుంది. అది నేరుగా ఇంధనంలోని గంధకాన్ని బట్టే ఉంటుంది, సోడియం కొరతతో పని లేదు.

పూతమందం
ఇక్కడ మీతో ఏకీభవిస్తాను. రెండో రకంలో గంధకం తగ్గిస్తే లాభం ఉంటుంది, ముఖ్యంగా తక్కువ ఉష్ణోగ్రత వైపు. కాకపోతే సోడియం సల్ఫేట్ అక్కడికి చేరాలన్నది రెండింటికీ మొదటి షరతు. ఎంతగా అంటే, రెండు రకాలనూ ఆపే పని ఒక్కటే: ఉప్పు రానివ్వకపోవడం, వచ్చింది కడగడం.
1960లలో వియత్నాం యుద్ధ కాలంలో సముద్రం మీదా దాని దగ్గర్లోనూ తిరిగిన సైనిక విమానాల ఇంజిన్లలో ఈ తుప్పు పెద్ద సమస్యై పరిశోధన ఊపందుకుంది. రెండో రకాన్ని విడిగా గుర్తించింది 1970ల మధ్యలో, ఓడల గ్యాస్ టర్బైన్లలో. ఓడ ఎక్కువసేపు తక్కువ శక్తితో నడుస్తుంది, బ్లేడు 700 దగ్గరే ఉండిపోతుంది. టర్బైన్‌ని చల్లగా నడిపితే క్షేమం అన్న నమ్మకం తప్పని అక్కడ తేలింది.

నేలటర్బైన్
వనేడియం సంగతేమిటి? మా వైపు హెవీ ఆయిల్ మీద నడిచే యంత్రాల్లో అదే మొదటి శత్రువు. వనేడియం పెంటాక్సైడ్ 690 డిగ్రీల లోపే కరిగి పూతల్ని తినేస్తుంది, సోడియంతో కలిస్తే ఇంకా కిందకే కరుగుతుంది. వనేడియం బరువుకి మూడింతలు మెగ్నీషియం కలిపితే ఏర్పడే మెగ్నీషియం వనడేట్ 1,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. అలా నెట్టుకొస్తాం.

సంప్‌డ్రెయిన్
జెట్ ఇంధనం డిస్టిల్లేట్. వనేడియం బరువైన అడుగు భాగంలోనే ఉండిపోతుంది, ఇక్కడికి రాదు. ఆ మెగ్నీషియం మందు మాత్రం విమానం ట్యాంకు దరిదాపుల్లోకి తీసుకురాకండి. పేరుకున్న మెగ్నీషియం బూడిద కడగడానికి మీకు ఆగి చల్లబడే వీలుంటుంది, ఇక్కడ అది కూలింగ్ రంధ్రాల్లోకి పోతుంది.

ఇక ఇంధనం వైపు నుంచి నా మాట. డ్యూపాయింట్ గారు సోడియానిదే కొరత అన్నారు. సరే, ఆ సోడియం ఇంధనంలోనూ వస్తుందని ఎవరూ అడగలేదు. గాలిలో 0.01 పీపీఎం ఉప్పుకి సమానం కావడానికి ఇంధనంలో ఎంత సోడియం ఉండాలి? ఇంధనం గాలిలో యాభయ్యో వంతు, ఉప్పులో సోడియం 39 శాతం. కాబట్టి 0.2 పీపీఎం చాలు.
ఇప్పుడు విడి నీటి (ఇంధనంలో కరగకుండా చుక్కలుగా ఉండే నీటి) సంగతి. విమానంలోకి పోసేటప్పుడు 30 పీపీఎం వరకు విడి నీరు ఉండొచ్చని పరిమితి. ఆ నీరు సాధారణ తేమ అయితే సోడియం లేనట్టే. అదే సముద్రపు నీళ్లయితే? ఘనపరిమాణంలో 30 పీపీఎం, బరువులో 38 దాకా అవుతుంది. 3.5 శాతం ఉప్పు అంటే 1.3 పీపీఎం, అందులో సోడియం 0.4. నీటి పరీక్ష పాసైంది, గాలిలో వచ్చే ఉప్పుకి రెండింతలు ఇంధనంలోనే వచ్చింది. జెట్ ఏ-1 ప్రమాణంలో గంధకానికి పరిమితి ఉంది, సోడియానికి పరిమితి లేదు. అందుకే ఎవరికీ కనపడదు.
సోడియం వచ్చే దారులు రెండు. ఓడలో, బార్జ్‌లో సరఫరా అయ్యే ఇంధనంలో సముద్రపు నీటి చేరిక ఒకటి. రెండోది శుద్ధి కర్మాగారంలో నీరు తీసేందుకు వాడే రాతి ఉప్పు డ్రైయర్. అది సరిగ్గా పారుదల చేయకపోతే ఉప్పునీరు సన్న చుక్కలుగా ఇంధనంతో వస్తుంది.

ఐటీటీ_మార్జిన్
మా డిపోకి బార్జ్ నుంచే వస్తుంది. సర్టిఫికెట్‌లో ఏ గడి చూస్తే ఇది బయటపడుతుంది?

సంప్‌డ్రెయిన్
ఏ గడీ కాదు. రాగి పట్టీ పరీక్ష (100 డిగ్రీల దగ్గర 2 గంటలు, 1వ తరగతి దాటకూడదు) సల్ఫైడ్లు, మూల గంధకం, మెర్కాప్టన్లను పడుతుంది. ఉప్పుని పట్టదు. పారదర్శకత, రంగు, విడి నీటిని పట్టే క్యాప్సూల్ పరీక్ష ఏవీ సోడియం చెప్పవు.
మీరు చేయాల్సింది సంప్‌లోంచి (ట్యాంకు అడుగున నీరు చేరే చోటు నుంచి) తీసిన నీళ్లు పారబోయకుండా పరీక్షించడం. డిపో ట్యాంకు అడుగు నుంచి, ఫిల్టర్ పాత్ర అడుగు నుంచి, విమానం సంప్ నుంచి విడివిడిగా. ముందు ఇంధనం నిలబడనివ్వండి: మీటరు లోతుకు 3 గంటలు సాధారణ నియమం. శుభ్రమైన గాజు సీసాలో నీటి చుక్క కిందికి దిగాక సిరంజితో తీసుకోండి. వాహకత మీటరు ముంచండి. తేమ నుంచి పేరుకున్న నీళ్లయితే పదుల్లో, వందల్లో మైక్రోసీమెన్స్ వస్తుంది. సముద్రపు నీళ్లు 50,000 దగ్గర. మధ్యలో వేలల్లో వస్తే ఉప్పు ఉన్నట్టే. మీటరు లేకపోతే సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు, తెల్లగా మబ్బు పట్టిందంటే క్లోరైడ్. చేతికి తొడుగు వేసుకోండి, చర్మం నల్లబడుతుంది. చెమటలో కూడా క్లోరైడ్ ఉంటుంది, సీసా మూత వేలితో ముట్టుకుంటే తప్పుడు ఫలితం.

రెండో_షిఫ్ట్
ఇంధనంలో ఉప్పునీళ్లంటే తుప్పు కంటే ముందు ఇంకో ప్రమాదం. 2010 ఏప్రిల్ 13న ఇండోనేసియాలోని సురబయ నుంచి హాంకాంగ్ వెళ్లిన కాథే పసిఫిక్ 780 విమానం గుర్తుందా? హైడ్రెంట్ పైపుల్లోకి ఉప్పునీరు చేరి, ఫిల్టర్ మానిటర్లలోని నీటిని పీల్చే పాలిమర్ చెడి సన్న గోళాలుగా ఇంధనంలోకి వచ్చింది. అవి ఇంధన మీటరింగ్ వాల్వులను పట్టేశాయి. రెండు ఇంజిన్ల థ్రస్ట్ మీద అదుపు పోయి 230 నాట్ల వేగంతో దిగింది. ఆ రకం ఫిల్టర్ మానిటర్లను తర్వాత క్రమంగా వాడుకలోంచి తీసేశారు.

గంధకం_వద్దు
సరే సరే, నా పేరు మార్చుకోవాలేమో. కానీ తక్కువ గంధకం ఇంధనంలో నష్టం ఏముంది? రెండో రకంలో కొంత లాభం ఉందని మీరే ఒప్పుకున్నారు.

సంప్‌డ్రెయిన్
నష్టం జారుడుగుణంలో. హైడ్రోట్రీటింగ్‌లో గంధకంతో పాటు ధ్రువ అణువులు కూడా పోతాయి, పంపు పళ్లను అవే కాపాడేవి. జారుడుగుణం పరీక్షలో అరుగుడు మచ్చ వ్యాసం 0.85 మిల్లీమీటర్లు దాటకూడదు. మీ సరఫరాదారు ఆ ఫలితం చూపిస్తే తీసుకోండి. లేదంటే జారుడుగుణం పెంచే మందు కలిపి ఉండాలి. టర్బైన్‌ని కాపాడబోయి పంపుని బలి ఇవ్వకూడదు.

కంప్రెసర్_స్టేజ్3
వాష్ గురించి ఎవరూ మాట్లాడరేం. "వారానికోసారి కడుగుతున్నాం" అన్నది ఈ చర్చలో నన్ను బాగా భయపెట్టిన వాక్యం. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగిరిన ఇంజిన్‌కి ఉప్పు కడిగే వాష్ ప్రతిరోజూ, చివరి ఫ్లైట్ తర్వాత. డిటర్జెంట్‌తో చేసే పనితీరు వాష్ వేరు. అది ఐటీటీ (టర్బైన్ స్టేజ్‌ల మధ్య ఉష్ణోగ్రత), టార్క్ ధోరణి చూసి అప్పుడప్పుడు. మీరు వారానికోసారి చేస్తున్నది ఏది?

ఐటీటీ_మార్జిన్
డిటర్జెంట్‌తో, తర్వాత నీళ్లతో. ఉదయం మొదటి ఫ్లైట్‌కి ముందు.

కంప్రెసర్_స్టేజ్3
అంటే ఉప్పు రాత్రంతా లోపలే ఉంటోంది. ఉప్పు పొడిగా ఉంటే సమస్య తక్కువ, కానీ పొడిగా ఉండదు. సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితే నీళ్లు పీల్చి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంది, దానికి 33 శాతం తేమ చాలు. హ్యాంగర్‌లో 60 శాతం ఉంటే పొడి అనుకుంటాం. కంప్రెసర్ బ్లేడు మీద అప్పటికే ఉప్పు నీటి పొర. 12 శాతం క్రోమియం స్టీల్ బ్లేడ్లు అలాగే గుంటలు పడతాయి. 17-4 పీహెచ్ స్టీల్ కొంచెం మెరుగు, గుంట పడదని కాదు.

ఇప్పుడు వరుస. మాన్యువల్‌లో ఉన్నదే చివరి మాట, ఇది అడుగుల వెనక కారణం మాత్రమే.
ఇంజిన్ చల్లారనివ్వండి. వేడి కేసింగ్ మీద చల్లని నీళ్లు పడితే సీళ్లు, బ్లేడు కొసల ఖాళీలు దెబ్బతింటాయి, పైగా నీరు తడపకముందే ఆవిరై ఉప్పుని ముద్దగా వదిలేస్తుంది. ఇగ్నిషన్ బ్రేకర్ లాగండి, ఇంధనం కట్. క్యాబిన్ బ్లీడ్ (కంప్రెసర్ నుంచి క్యాబిన్‌కి గాలి తీసే దారి) మూయండి, లేకపోతే డిటర్జెంట్ వాసన వారంపాటు క్యాబిన్‌లో. పీ3 (కంప్రెసర్ చివరి పీడనం) గాలి పైపు ఇంధన కంట్రోల్‌కి వెళ్తుంది, దాన్ని విప్పి మూత పెట్టమని మాన్యువల్ చెబితే తప్పకుండా చేయండి: ఆ సన్న పైపులో నీటి చుక్క నిలిస్తే తర్వాత ఇంధనం లెక్క తప్పుతుంది.
స్టార్టర్‌తో తిప్పుతూ నీరు వదలండి, నీరు ముందు ఆపి తర్వాత స్టార్టర్ ఆపండి. స్టార్టర్‌కి సెకన్ల పరిమితి, మధ్యలో చల్లారే విరామం ఉంటాయి, అక్కడ తొందరపడితే స్టార్టర్ కాలుతుంది. డ్రైన్లు కారడం ఆగేదాకా ఉండి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఆరబెట్టండి, బ్లీడ్ తెరిచి ఆ దారి కూడా ఆరనివ్వండి. కడిగి ఆరబెట్టకుండా వదిలేయడం, అసలు కడగకపోవడం కన్నా మేలేమీ కాదు. ఉష్ణోగ్రత గడ్డకట్టే దగ్గరికి వస్తే నీళ్లు ఒక్కటే వాడకూడదు, ఆల్కహాల్ మిశ్రమం పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది.

రెండో_షిఫ్ట్
ఇంకా ఒకటి. కంప్రెసర్ వాష్ నీళ్లు టర్బైన్‌ని పూర్తిగా కడగవు. టర్బైన్‌కి విడిగా, ఇగ్నైటర్ రంధ్రంలోంచి ట్యూబ్ పెట్టి కడిగే పద్ధతి కొన్ని ఇంజిన్లకు ఉంది. సోడియం సల్ఫేట్ నీళ్లలో కరుగుతుంది, అది అంటుకున్న మొదటి రోజుల్లో ఆ వాష్‌తో వచ్చేస్తుంది. పూతతో కలిసి స్కేల్ అయ్యాక రాదు.

డ్యూపాయింట్
నీళ్ల నాణ్యత అడిగారా ఎవరైనా? కరిగిన ఘనపదార్థాలు 400 పీపీఎం ఉన్న నీళ్లు 10 లీటర్లు వాడితే లోపలికి పంపింది 4 గ్రాములు. ఎక్కువ భాగం డ్రైన్‌లో బయటికి పోతుంది. పదో వంతు ఆరిపోయి మిగిలినా 0.4 గ్రాము. మన లెక్కలో గాలితో వచ్చే ఉప్పు గంటకి 144 మిల్లీగ్రాములు, అందులోనూ అంటుకునేది కొద్దిగానే. ఒక్క వాష్‌తో దాదాపు మూడు గంటలు సముద్రం మీద తిప్పినంత. పైగా బోరు నీళ్లలో కాల్షియం ఉంటే అది సల్ఫేట్‌గా మారి గట్టిగా అంటుకుంటుంది, మళ్లీ నీళ్లతో కడిగినా సరిగా కరగదు.

బోరోస్కోప్‌కన్ను
ఆ వాష్ కార్ట్ ట్యాంకు లోపల ఎవరైనా చూశారా? మంచి నీళ్లు పోస్తున్నా అడుగున తెల్లటి మడ్డి ఉంటే ఆ నీళ్ల పేరు ఖనిజరహితం కాదు.

పూతమందం
పూత మార్చమన్నవాళ్ల మాట కూడా చూద్దాం. సాదా అల్యూమినైడ్ 50 నుంచి 75 మైక్రాన్లు, మొదటి రకానికి ఫర్వాలేదు, గొప్పది కాదు. ప్లాటినం అల్యూమినైడ్ మొదటి రకంలో స్పష్టంగా మెరుగు. రెండో రకంలో కావాల్సింది క్రోమియం, సిలికాన్. క్రోమైజింగ్ గానీ సిలికాన్ కలిపిన అల్యూమినైడ్ గానీ పెడితే 700 దగ్గర నిలబడుతుంది. కోబాల్ట్ ఎక్కువున్న పూత 900 దగ్గర బాగుంటుంది, 700 దగ్గర కోబాల్ట్ సల్ఫేట్‌కి మేత. ఒక బ్లేడు మీదే పైన ఒకటి, షాంక్ మీద ఒకటి వేయించే పద్ధతి ఊరికే రాలేదు.
బేస్ లోహం కూడా చూడండి. బ్లేడ్లకు వాడే నికెల్ మిశ్రమాల్లో ఐఎన్-738లో క్రోమియం 16 శాతం. సీఎంఎస్ఎక్స్-4లో 6.5. క్రీప్ బలం కోసం క్రోమియం తగ్గించి, ఆ లోటు పూత పూడుస్తుందని నమ్మాం. పూత పోయాక ఆ లోహానికి రక్షణ దాదాపు లేదు.

గంధకం_వద్దు
మరి మచ్చలు చిన్నగా ఉంటే అక్కడే బ్లెండ్ చేసి (గీకి నునుపు చేసి) వదిలేయొచ్చా?

పూతమందం
వేన్ మీద మాన్యువల్ అనుమతించినంత మేర. బ్లేడు మీద వద్దు. బ్లెండ్ చేస్తే పూత పోయి బేస్ మెటల్ తెరుచుకుంటుంది, చుట్టూ పూత కింద సల్ఫైడ్లు ఉంటే అవి అలాగే పని చేస్తుంటాయి. మరమ్మతు షాపులో అయితే ముందు ఉప్పు మొత్తం కడిగి, పూత ఊడదీసి, గాలిలో వేడి చేసి రంగు చూస్తారు: పూత మిగిలిన చోటు ఒక రంగు, బేస్ మెటల్ ఒక రంగు. సల్ఫైడ్ మిగిలిపోయిన చోట కొత్త పూత వేస్తే అది త్వరలోనే పొక్కు లేస్తుంది. పూత ఊడదీసిన ప్రతిసారీ గోడ మందం కొంత తగ్గుతుంది, అందుకే ఎన్నిసార్లు తిరిగి పూత వేయొచ్చో పరిమితి ఉంటుంది.

కట్టర్‌బ్లేడ్
ఎవరైనా ఒక వేన్ ల్యాబ్‌కి పంపితే దయచేసి నీళ్లతో కోయవద్దని రాసి పంపండి. మామూలు కటింగ్ ఫ్లూయిడ్ నీళ్లే, కరిగే సల్ఫేట్ అంతా అందులోనే పోతుంది. తర్వాత "సోడియం కనపడలేదు" అని రిపోర్టు వస్తుంది. నీళ్లు లేని నూనెతో కోసి, ఆల్కహాల్‌తో పాలిష్ చేయాలి.
రెండోది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మూలకాల మ్యాప్ చూసి గంధకం ఉందని గెంతకండి. గంధకం ఎక్స్‌రే గీత 2.31 కిలో ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర, మాలిబ్డినం గీత 2.29 దగ్గర. మామూలు డిటెక్టర్ రెండింటినీ విడదీయలేదు. చాలా నికెల్ మిశ్రమాల్లో మాలిబ్డినం ఉంటుంది, లోహం మొత్తం గంధకమే అని చూపిస్తుంది. తరంగదైర్ఘ్యం విడదీసే డిటెక్టర్ ఉంటే దానితో నిర్ధారించమనండి.

కొత్తట్రైనీ
అయితే పాతికేళ్ల రిపోర్టుల్లో సగం...

కట్టర్‌బ్లేడ్
అటు వెళ్లొద్దు, రాత్రి నిద్ర పట్టదు.

ఐటీటీ_మార్జిన్
కొలతలు వచ్చాయి. డిపో ట్యాంకు సంప్ నీళ్లు 180 మైక్రోసీమెన్స్, ఫిల్టర్ పాత్ర 210, విమానం సంప్ 160. సిల్వర్ నైట్రేట్‌కి మబ్బు లేదు. వాష్ కార్ట్ నీళ్లలో కరిగిన ఘనపదార్థాలు 380 పీపీఎం, ట్యాంకు అడుగున తెల్లటి మడ్డి కూడా ఉంది. టర్బైన్ వాష్ ఇన్నాళ్లూ అసలు చేయలేదు, ఇంజిన్‌కి ఆ పద్ధతి ఉంది.

సంప్‌డ్రెయిన్
ఇప్పటికి ఇంధనం మీద అనుమానం తీరింది. బార్జ్ లోడు మారినప్పుడల్లా మళ్లీ కొలవండి, ఒక లోడు శుభ్రమైతే తర్వాతిది శుభ్రమని కాదు.

కంప్రెసర్_స్టేజ్3
నీళ్లు మార్చండి, కార్ట్ ట్యాంకు విప్పి కడగండి, వాష్ సాయంత్రానికి తరలించండి. ప్రతిరోజూ ఉప్పు వాష్, టర్బైన్ వాష్ మాన్యువల్ చెప్పిన గంటలకి. అల్యూమినియం-సెరామిక్ పూత ఉన్న బ్లేడ్లయితే వాష్‌కి వాడే డిటర్జెంట్ ఇంజిన్ తయారీదారు ఆమోదించిందో లేదో చూడండి. క్షారం ఎక్కువైతే ఆ పూతలోని అల్యూమినియం కరిగిపోతుంది, అది పోతే కింది స్టీలుకి బదులు బలయ్యేదేమీ ఉండదు.

పూతమందం
వేన్ రింగ్ ఎలాగూ తర్వాతి హాట్ సెక్షన్ తనిఖీలో బయటికొస్తుంది. అప్పుడు రెండు బ్లేడ్లు షాంక్‌తో సహా ఇమ్మనండి, ప్లాట్‌ఫామ్ కింద కడగకుండా. ఆ మూలలో పేరుకున్న పొడిని ప్లాస్టిక్ పుల్లతో గోకి పొడి సీసాలో వేసి మూత బిగించండి. నీళ్లలో కరిగించి సోడియం, క్లోరైడ్, సల్ఫేట్, కాల్షియం నాలుగూ కొలిస్తే ఉప్పు సముద్రందా వాష్ కార్ట్‌దా అన్నది కాల్షియం పాలు బట్టి తెలిసిపోతుంది.

ఐటీటీ_మార్జిన్
సీసాలు తెప్పిస్తున్నాను. కాల్షియం అంకె వచ్చాక ఇక్కడే రాస్తా.